ఇంజన్ అడుగున బొట్టు

జానకిరామ్ బావగారికి నమస్కారం.

మా గాల్వే ఇంటి గృహప్రవేశానికి అత్లోన్ నుంచి మీరూ సరోజక్కా వచ్చినందుకు సంతోషం. మీ కానుక నిన్న విప్పాను. పాతకాలపు బ్రిటిష్ డీజిల్ రైలింజన్ నమూనా, ఆకుపచ్చది, సేకరించేవాళ్లు ఏళ్ల తరబడి వెతికే రకం. మీ యాభయ్యో పుట్టినరోజుకి నేనిచ్చినదాని లాంటిదే. నాకోసం ఇంకొకటి వెతికి పట్టుకున్నారని పొంగిపోయాను.

తిరగేసి చూస్తే చక్రాల మధ్య కుంకుమ కనిపించింది. కొత్త బండిని బొట్టు లేకుండా ఇవ్వకూడదని, పైన పెడితే విలువ పోతుందని, అప్పట్లో అగ్గిపుల్లతో అడుగున పెట్టింది నేనే. ఆరోజు మీరు "గ్రాండ్‌రా, హాల్లో అద్దాల బీరువాలో పెడతా" అన్నారు. నిన్న పెట్టె తెరవడానికి నేను కోసిన టేపు కూడా ఆనాడు నేనంటించిందే.

అక్క పొరపాటున ఇచ్చేసిందని చెప్పకండి. పైన చుట్టిన కాగితం మీద "ప్రేమతో" అన్న చేతిరాత మీది.

ఈ ఉదయం దానికి మళ్లీ బొట్టు పెట్టాను. ఈసారి ముందువైపు, తడి కుంకుమతో, పెద్దది. తుడిచి చూశాను, పోవడం లేదు. ఇక దీన్ని ఎవరూ ఎవరికీ ఇవ్వలేరు.

ఇట్లు,
మీ బావమరిది