కరకట్ట కోసం ఏడ్చిన ఏడుపు

కోడలు పిల్లా,

మీ అత్తని. మీ ఇద్దరూ చల్లగా ఉండాలని దీవించి రాయిస్తున్నా. చింపి పారెయ్యకుండా చివరిదాకా చదువు. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. అందుకే పక్కింటి దర్జీని పట్టుకొచ్చి కూర్చోబెట్టా. "పెద్దమ్మా, కాస్త మెత్తగా చెబితే రాస్తాను" అంటున్నాడు. "మెత్తగా కుట్టడం నీ పని. చెప్పడం నా పని. నోరు మూసుకుని రాయి" అన్నా. ఈ మాట కూడా రాయించా, రాశాడో లేదో నువ్వే చూసుకో.

ఆ రోజు ఫోన్లో నన్ను ఎంత మాటన్నావు! "నా బిడ్డని అమ్ముకుంటున్నావత్తా" అన్నావు. మన పిల్ల పిడుగు గౌను ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పరాయి దేశం వాళ్ళ ముందు నేను ఏడుస్తున్న వీడియో నీకు ఫ్యాక్టరీలో ఎవరో చూపించారట. చూసి అన్నావు. నేను చెప్పేది కూడా వినాలిగా? దొంగని పట్టుకున్నా నువ్వేమంటావని అడుగుతారు.

విను. బడి నుంచి వస్తుంటే కరకట్ట తెగింది, మన పిడుగు పోయింది. ఆ దారి చూడలేక మీరిద్దరూ పట్నం వెళ్ళిపోయారు. నువ్వు బట్టల ఫ్యాక్టరీలో మిషను తొక్కుతున్నావు, నా కొడుకు ఇళ్ళకి రంగులేస్తున్నాడు. మిమ్మల్ని తప్పుపట్టను. కానీ నేను ఇక్కడే ఉన్నానే తల్లీ. పొద్దున్నే గుమ్మంలో కూర్చుంటే, తెగినచోట ఇసక బస్తాలు పేర్చిన ఆ కట్ట మీదే పిల్లలు బడికి పోతుంటారు. బస్తాలు చిరిగి ఇసక కారిపోతోంది. మబ్బు పడితే చాలు, చేతిలో పని చేతిలోనే వదిలేసి తల్లులు కట్ట మీదికి పరిగెడతారు. నేనూ పరిగెడతా, ఎవరి కోసమో నాకే తెలీదు.

కొత్త కట్టకి సర్కారు దగ్గర డబ్బు లేదట. పెద్ద దేశాలవాళ్ళు పొగలు వదిలి వదిలి లోకాన్ని వేడెక్కించారు కదా, దానివల్ల మునిగేవాళ్ళ కోసం ఏదో వాతావరణ నిధి పెట్టారట. అది మనలాంటి వాళ్ళ కోసమేనట. కానీ మనం వెళ్ళి అడగడానికి లేదు! మన ఊరి సంఘం చిన్నది, దాని మాట అక్కడ చెల్లదు. పట్నంలో ఒక ఆఫీసు ఉంది, మన తరఫున అదే అడగాలి. ఆ ఆఫీసాయన వచ్చి ఇల్లిల్లూ తిరిగాడు. పడవవాడి పెళ్ళాం వరద తగ్గాక జ్వరంతో పోయింది కదా, అది లెక్కలోకి రాదన్నాడు. పిడుగు సంగతి చెబితే మాత్రం రాసుకునేవాడల్లా తలెత్తాడు. "ఇది చెప్పండమ్మా. ఇది వాళ్ళకి తగులుతుంది" అన్నాడు.

చెప్పా. ఎవరొస్తే వాళ్ళకి చెప్పా. నా మాటని వాళ్ళ భాషలో చెప్పడానికి ఒక దుబాసీ కుర్రాడు వస్తాడు. నేనొక మాట చెప్పి ఆగుతా, అతను చెబుతాడు, వాళ్ళ మొహాలు మారాక మళ్ళీ మొదలెడతా. ఎక్కడ గౌను తియ్యాలో, ఎక్కడ కొంగు నోట్లో కుక్కుకోవాలో అంతా వచ్చేసింది నాకు. సిగ్గు లేదా అంటావా? లేదు. నేనేడిస్తే కట్ట వస్తుందంటే ఏడుస్తా. గంతెయ్యమంటే ఈ మోకాళ్ళతోనే గంతేస్తా. ఇంకో ఇంట్లో గౌను మిగలకూడదు, అంతే నా వాదన.

వచ్చే నెల నిధి నుంచే పెద్దవాళ్ళు వస్తున్నారట. కన్నతల్లి కూడా ఉంటే బాగుంటుందని ఆఫీసాయన అంటున్నాడు. నువ్వు రా. నోరు విప్పొద్దు, నా పక్కన కూర్చుంటే చాలు. నన్ను తిట్టాలనుంటే వాళ్ళు వెళ్ళాక తిట్టు, కుక్కిన పేనులా పడి ఉంటా.

నీ మొండి అత్త
(వేలిముద్ర)


నా బంగారు కోడలా,

నువ్వు రాలేదు. మంచిపని చేశావు.

ఏం జరిగిందో నీకు చెప్పుకోవాలి. రాసేది దర్జీయే. "ఒక్కో మాటకీ ఆగిపోతున్నావేం పెద్దమ్మా, నేను గబగబా రాయగలను" అంటున్నాడు. నాకు తెలీకుండానే ఆగుతున్నా. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నా ఏదో అనుకోవడం, ఆగడం. ఇది ఎప్పటినుంచి పట్టుకుందో నాకు.

నిధివాళ్ళు ముగ్గురొచ్చారు. వాళ్ళలో నా ఈడుది ఒకావిడ, తెల్ల జుట్టు, చెప్పులు బయట విడిచి వచ్చి నా ఎదురుగా నేలమీదే కూర్చుంది. ఆఫీసాయన సైగ చేశాడు. మొదలెట్టా. "ఆ రోజు పొద్దున్న జడ వెయ్యనివ్వలేదు" అని ఆగా. దుబాసీ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఆ తర్వాతది కూడా చెప్పేశాడు. ఆ తర్వాతదీ. నేనింకా నోరు తెరవలేదమ్మా! ఎన్నిసార్లు విన్నాడో ఏమో, అంతా కంఠతా వచ్చేసింది. మంచి కుర్రాడే, నన్ను కష్టపెట్టడం ఎందుకనుకున్నాడేమో. నేను ఆగేచోట తనూ ఆగాడు. నేను గొంతు తగ్గించేచోట తనూ తగ్గించాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, మధ్యమధ్యలో "పిడుగు, పిడుగు" అన్నది తప్ప. తెల్లజుట్టావిడ కళ్ళు తుడుచుకుంది. నేను గౌను తియ్యకుండానే.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. వీడికి తెలీనిది చెప్పాలి, నా మనవరాలు వీడి నోట్లోది కాదు, నాది అనుకున్నా. "ఆగు నాయనా, నేను చెబుతా" అన్నా. అందరూ నాకేసి చూశారు. నోరు తెరిచా. ఏమీ రాలేదే అమ్మాయ్. జడ వచ్చింది, గౌను వచ్చింది, కట్ట వచ్చింది. చెప్పినవే వచ్చాయి. చెప్పనిది ఒక్కటి కోసం ఎంత వెతుక్కున్నానో! దాని నవ్వెలా ఉండేదో కూడా తట్టలేదు. ఏడేళ్ళు నా పక్కలో పడుకున్న పిల్ల.

చివరికి ఒకటే అడిగా. "కట్ట ఎప్పుడు కడతారు?"

తెల్లజుట్టావిడ ఆఫీసాయన్ని చూసింది. ఆయన తన బూట్లు చూసుకున్నాడు. ఆవిడ చాలాసేపు ఏదో చెప్పింది. ఈసారి దుబాసీ ఒక్కో మాటా కూడదీసుకున్నాడు. "మామ్మగారూ, మన అర్జీ నిరుడే తిరిగొచ్చేసిందట. ఇది మీకు చెప్పలేదా అని అడుగుతోంది" అన్నాడు. కట్ట తెగింది వాతావరణం మారినందుకా, బాగుచెయ్యక వదిలేసినందుకా తేల్చాలట. అందుకు ఏట్లో ఏ ఏడు ఎంత నీరొచ్చిందో ముప్పై ఏళ్ళ లెక్క చూపాలట. "వచ్చిన నీళ్ళని కొలుస్తూ కూర్చోవాలా, పిల్లల్నెత్తుకుని పరిగెత్తాలా? ఇది అడుగు ఆవిణ్ణి" అన్నా. అడిగాడో లేదో. వాళ్ళొచ్చింది డబ్బివ్వడానికి కాదు, మేమెలా నెట్టుకొస్తున్నామో చూసి రాసుకోవడానికట. ఆవిడ వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. నీళ్ళ లెక్క అడిగినవాళ్ళని నా కన్నీళ్ళు ఏం చేస్తాయి?

అమ్ముకున్నానన్నావు. కొన్నవాళ్ళే లేరమ్మా. ఊరికే ఇచ్చేశా. వచ్చినవాళ్ళకల్లా కొంచెం కొంచెం ఇచ్చేసి, నా దగ్గర ఏమీ మిగుల్చుకోలేదు.

ఇక్కడ ఆడవాళ్ళమంతా తట్టలతో మట్టి పోస్తున్నాం. ఏరు నిజంగా వస్తే ఆ మట్టి ఒక్క పూట ఆగదని మోసేవాళ్ళందరికీ తెలుసు. అయినా మోస్తున్నాం. సంఘంవాళ్ళు మళ్ళీ అర్జీ పెట్టడానికి ఇంకో ఆఫీసు కోసం తిరుగుతున్నారు. "ఈసారి నేను చెప్పను, చూపించడానికి నీళ్ళున్నాయి, వాటిని చూపించుకోండి" అనేశా.

నువ్వు నాకు జవాబు రాయకు. రాస్తే దర్జీ చదివి చెప్పాలి. పిడుగు నాకు ఇంకొకరి నోటి నుంచి వద్దు. మట్టి పని కాగానే నేనే వస్తున్నా. నువ్వు ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాకా మెట్ల మీద కూర్చుంటా. కోపం తీరకపోతే తలుపు తియ్యకు. మర్నాడు మళ్ళీ కూర్చుంటా, నా సంగతి నీకు తెలుసుగా. తీస్తే మాత్రం, దాని గురించి నాకు తెలీనిది ఒక్కటి చెప్పు. ఎంత చిన్నదైనా సరే. పాలు తాగేటప్పుడు ఏ చెయ్యి నీ మీద వేసుకునేది, అలాంటిది. నేనెవరికీ చెప్పను.

నీ అత్త
(వేలిముద్ర)