రెండుసార్లు నొక్కండి

అక్కా, నేను కులాసా. కడుపు మాత్రం రగిలిపోతోంది. కంప్యూటర్ సైన్సు పట్టా పుచ్చుకుని, ఇంకొకరు చేసిన ప్రోగ్రాములు ఎలా వాడాలో పుస్తకాలు రాస్తున్నాను కదా. అలా రాస్తూనే నిరుడు ఒక ఆసుపత్రి ప్రోగ్రాములో తప్పు పట్టాను: సేవ్ ఒక్కసారే నొక్కితే రోగి పేరు చేరదు. దిద్దాల్సిన చోటు కూడా చూపించాను. ప్రోగ్రామరు నవ్వి, "రాసే పని నీది. రెండుసార్లు నొక్కమని రాసెయ్, సరిపోతుంది" అన్నాడు. రాసేశాను. నువ్వు పనిచేసే ఆసుపత్రి కౌంటర్లో పెట్టింది ఆ ప్రోగ్రామే. "ఈ పుస్తకం రాసిన బుర్రలేనివాడెవడో" అని నీ ఉత్తరంలో తిట్టిపోశావే, ఆ బుర్రలేనిదాన్ని నేనే.

బావ నడుంనొప్పి తగ్గిందా? నాన్నతో చెప్పి గోడ మీది నా పట్టా దింపించు. పాపకు ముద్దులు. నన్నెంత తిట్టుకున్నా సరే, రెండుసార్లు నొక్కడం మాత్రం మరవకు.

నీ చెల్లి