గెంటెత్త గొంతు అమ్మకానికి లేదు

బత్తలపల్లె మండలంలో కాపురముంటూ, తోలుబొమ్మలాట ఆడించి బతికిన కుళ్ళాయప్ప అనే నేను, డెబ్బై నాలుగేళ్ల వయసులో, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. తెలివి సరిగానే ఉందని డాక్టరు చేత రాయించి దీనికి జతపరిచాను. ముసలోడికి మతి పోయిందని రేపు కోర్టులో చెప్పబోయేది ఎవరో నాకు తెలుసు. రాస్తున్నది ప్లీడరు గుమాస్తా. రాసిందంతా నా కూతురు ఉమాదేవి చేత మళ్లీ చదివించుకుని విన్నాకే వేలిముద్ర కాకుండా సంతకమే పెడుతున్నాను. గుమాస్తా మీద కోపమేం లేదు, నమ్మకమూ లేదు.

సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. సొట్టమామ, గెంటెత్త మా నాయన మేకతోలుతో చేసిన బొమ్మలు. అత్త చేతిలో ఎప్పుడూ గెంటె, అంటే గరిటె, ఉంటుంది. రామాయణం ఆట మధ్యలో ఈ మొగుడూపెళ్లాలు తెర మీదికొచ్చి పోట్లాడుకుంటే జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. మామకు నేను, అత్తకు నా భార్య బయమ్మ మాట చెప్పేవాళ్లం. తర్వాత మా పోట్లాటలు క్యాసెట్లుగా వచ్చాయి, ఆదివారాలు కేబుల్ టీవీలో వచ్చాయి. గోరంట్ల నుంచి నల్లమాడ దాకా గెంటెత్త వస్తే గానీ పిల్లలు ముద్ద మింగేవారు కాదు. అదంతా ఆగిపోయింది. బయమ్మ కూడా పోయింది. ఇప్పుడు ఒక సినిమా కంపెనీ వాళ్లొచ్చి ఈ ఇద్దరినీ పెద్ద తెర మీద మళ్లీ నిలబెడతామంటున్నారు.

1. ఇల్లు, వేరుశనగ చేను నా తదనంతరం కొడుకు పెద్దన్నకూ కూతురు ఉమాదేవికీ సగం సగం చెందాలి. బోరు కోసం కొట్టుకోవద్దు. దాంట్లో ఉన్నది గాలే.

2. సొట్టమామ బొమ్మ పెద్దన్నకు. దాని కుడిచెవి అంచు నలిగి ఉంటుంది. పళ్లు వచ్చే వయసులో పెద్దన్న కొరికిన చెవి అది. వేరే తోలు అతికించమని నాయన ఎంత చెప్పినా నేను వినలేదు. వాడు నామీద ఎన్ని కేసులు వేసినా ఆ చెవి వాడిదే.

3. గెంటెత్త బొమ్మ, గెంటెతో సహా, ఉమాదేవికి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. తల్లి బతికుండగానే ఈ పిల్ల తెర వెనక కూర్చుని అత్త తిట్లన్నీ నేర్చుకుంది. గొంతు తల్లిది కాదు, కాస్త బొంగురు. ఉండనీ.

4. మా ఇంటి ఆచారం ఒకటి అందరూ తెలుసుకోవాలి. ఆట ఉన్న రోజు సాయంత్రం ఊళ్లో ఇంటింటికీ వెళ్లి దీపానికి నూనె అడుగుతాం. నూనె పోసిన ఇంటివాళ్లనే గెంటెత్త పేరు పెట్టి ఎగతాళి చేయాలి. పోయని ఇంటి జోలికి పోకూడదు. సర్పంచి అయినా సరే, నూనె పోశాడంటే తిట్టించుకోవడానికి ఒప్పుకున్నట్టే. ఒకసారి ఒక పెద్ద రైతు నూనె పోసి, తన పేరు రాలేదని మర్నాడు మాతో పోట్లాటకొచ్చాడు. సినిమా తీసినా ఇదే పద్ధతి. అడగకుండా ఎవరి పేరూ ఆ బొమ్మ నోట రాకూడదు.

5. సినిమాకు నేను అడ్డం కాదు. పెద్ద తెర మీద గెంటెత్తను చూడాలని నాకూ ఉంది. కానీ బొమ్మలు కొనడానికి వచ్చినవాడు బొమ్మలు చూడాలి కదా. కంపెనీ మేనేజరు పెట్టె మూత కూడా తీయమనలేదు. కుర్చీలో కూర్చోకముందే, "అమ్మగారి గొంతున్న క్యాసెట్లు యాడుండాయి?" అన్నాడు. మా యాస నేర్చుకుని మరీ వచ్చాడు. ఉమాదేవి ఒప్పందం కాగితం చదివితే, ఆ గొంతును సినిమాకూ, ప్రచారానికీ, "ఇంకా దేనికైనా" వాడుకోవచ్చని ఉంది. కంపెనీ యజమాని బావమరిది వచ్చే ఎన్నికల్లో టికెట్ కోసం తిరుగుతున్నాడట. దేనికైనా అంటే దేనికో నాకు అర్థమైంది. కాబట్టి గెంటెత్తకు ఉమాదేవి గొంతు పెట్టి తీస్తే తీయండి. లేకపోతే మానండి.

6. ఈ వీలునామా అమలు చేయడానికి హార్మోనియం వాయించిన నా స్నేహితుడు మీరావలిని నియమిస్తున్నాను. అతను మేనేజరుతో కలిసి టీ తాగాడని విన్నాను. "టీ తాగితే అమ్ముడుపోయినట్టేనా అన్నా?" అని నన్నే అడిగాడు. నిజమే కావచ్చు. అయినా ఏ కాగితం మీద సంతకం పెట్టినా పక్కన భార్య మేరాజ్ బీ ఉండాలి. మీరావలి భయపడేది ఆమెకు ఒక్కదానికే. నా ఉన్ని శాలువ అతనికి ఇవ్వండి. చలికి ఓర్చుకోలేడు.

7. సాక్షులకు నా ఆస్తిలో చిల్లిగవ్వ రాదు. అందుకే వాళ్లను పిలిచాను.

8. ఇక క్యాసెట్లు. వాటిలో ఒకటి పెట్టెలోంచి పోయింది. ఎవరిచ్చారో నాకు తెలుసు పెద్దన్నా, నువ్వు కొన్న కొత్త ఫోనూ చూశాను. మేనేజరు రెండోసారి వచ్చినప్పుడు, ఆ క్యాసెట్టు నుంచి కంప్యూటరుతో తయారుచేసిన గొంతు వినిపించాడు. "ఏం కుళ్ళాయప్పా, బాగుండావా? సంతకం పెట్టబ్బా" అంది. అచ్చం బయమ్మే. కానీ బయమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది ఎన్నడూ లేదు. తెర వెనక మామను అడ్డమైన తిట్లూ తిట్టి, బయటికొస్తే "ఉమా వాళ్ల నాయనా, నీళ్లు తాగుతావా" అనే మనిషి. చచ్చిపోయిన నా భార్య ఎవరికీ నూనె పోయలేదు. ఆమె నోట మాట పెట్టడానికి మీరెవరు?

అంత కోపంలోనూ జరిగింది దాచను. మేనేజరు లేచి చెప్పులు వేసుకుంటుంటే, ఇంకోసారి వినిపించమని నేనే అడిగాను. విన్నాను. మళ్లీ అడిగాను. బయమ్మ అలా పేరు పెట్టి పిలవదని తెలిసీ అడిగాను. వాడు నా మొహం చూసి, కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఉమాదేవి వచ్చి లాక్కోకపోతే సంతకం పెట్టేవాణ్ణే.

అందుకని మిగిలిన క్యాసెట్లన్నీ నా తదనంతరం కాదు, ఈ రోజే ఉమాదేవికి అప్పగించాను. ఇక అవి నావి కావు. రేపు నేను మనసు మార్చుకున్నానని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. నేనే వచ్చి చెప్పినా నమ్మొద్దు. ఉమా, నేను ఏడ్చి అడిగినా ఇవ్వొద్దమ్మా.

బత్తలపల్లె, 2025 నవంబరు 17.

(సంతకం) కుళ్ళాయప్ప

సాక్షులు:
ఖాజా, టైలరు
హేమావతి, అంగన్‌వాడీ టీచరు