మంచం దిగనన్న మాట

నవంబర్ 29, శనివారం

ఆసుపత్రి నుంచి రాయగడ ఇంటికి వచ్చాం. నేను, మూడు రోజుల పాప, నా కుట్లు. ఈ కుట్లున్నాయే, కూర్చోనివ్వవు, నుంచోనివ్వవు.

తీర్మానం: నలభై రోజులు మంచం దిగను. స్నానం, బాత్రూమ్, ఇంట్లో నాలుగడుగులు మినహాయింపు. ప్రసూతి వార్డులో నర్సుని నేను. బరువులెత్తకండమ్మా, తగ్గిన రక్తం మళ్ళీ ఎర్రబడితే ఒళ్ళు విశ్రాంతి అడుగుతోందని అర్థం అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నా మాట నేనే వినకపోతే ఎలా? చిటికెలో పని!

చర్చిలో క్రిస్మస్ పాటల బృందం నాది. ఈ ఏటికి యూనిస్‌కి అప్పగించాను. గుడారి ఊరి బడిలో టీచరు, మంచి పిల్ల. మనస్ఫూర్తిగానే అప్పగించాను. దాదాపు.

డిసెంబర్ 2

రక్తస్రావం తగ్గుతోంది. ముదురు ఎరుపు పోయి గోధుమ రంగులోకి దిగింది. భేష్.

ప్యాడ్లు అయిపోయాయి. మా ఆయన నోయెల్‌ని పంపాను. తెరుబలి ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడే మనిషికి మందుల షాపులో నోరు పెగల్లేదట. పాప డైపర్లు తెచ్చాడు. మళ్ళీ పంపితే పెద్దవాళ్ళ డైపర్లు తెచ్చాడు. చివరికి మా అత్తయ్య ఏసమ్మ వెళ్ళి బజారంతా వినబడేలా అడిగి తెచ్చింది.

అత్తయ్య వైద్యం: చెవుల్లో దూది, పొట్టకి పాత చీర గుడ్డ, వెల్లుల్లి కారం. నీళ్ళు మాత్రం పూటకో గ్లాసు. పాలిచ్చే తల్లికి నీళ్ళు బాగా కావాలని చెప్పబోతే, "నీ నర్సుతనం ఆసుపత్రిలో ఎట్టుకో" అంది. నోయెల్ చేత ఒక నీళ్ళ సీసా తెప్పించి దిండు కింద దాచాను.

డిసెంబర్ 4, సాయంత్రం

మా ఇల్లు చర్చి ఆవరణలోనే. ప్రాక్టీసంతా గోడ అవతలి నుంచి వినబడుతుంది. యూనిస్ రెండో చరణాన్ని ఎక్కడికో ఎత్తుకుపోయి, దించడం చేతకాక అక్కడే వదిలేసింది. మంచం పట్టీ మీద వేలితో తాళం వేశాను. వేలు కదిపితే మంచం దిగినట్టు కాదు.

డిసెంబర్ 5

కిటికీ దగ్గరికి వెళ్ళాను. కిటికీ ఇంట్లోదే కదా. "యూనిస్, శ్రుతి!" అని ఒక్కసారి అరిచానంతే. గరిటె పట్టుకుని అత్తయ్య ప్రత్యక్షం.

"ఏటమ్మీ, మంచం దిగీసినావేటి?"

పాపకి గాలి ఆడటం లేదని చెప్పాను. దేవుడు క్షమించాలి.

డిసెంబర్ 6

అత్తయ్య సంతకి వెళ్ళింది. చర్చి ఎంత దూరమని? వెళ్ళాను. కూర్చునే నేర్పాను. తిరిగొచ్చి చూసుకుంటే గోధుమ రంగే. ఈ నియమాలన్నీ బలహీనులకి పెట్టినవి!

డిసెంబర్ 8

బృందం హార్మోనియం మా ఇంట్లోనే ఉంటుంది, రోజూ యూనిస్ వచ్చి పట్టుకెళ్తుంది. గుడారి బస్సు ఆలస్యమై యూనిస్ రాలేదు. మిగతావాళ్ళు చర్చిలో కూర్చుని ఆవలిస్తున్నారు. నేనే ఎత్తాను, చర్చి మెట్ల దాకా మోశాను. పాపకి మూడింతల బరువు ఉంటుంది.

ఆరున్నర. కాలి వెంట వెచ్చగా జారింది. ఎర్రగా. మొదటి రోజు చూసిన ఎరుపు.

భయం వేసింది. నాకు తెలిసిన నర్సింగంతా ఎటు పోయిందో. పాప ముఖం ఒక్కటే కళ్ళ ముందు ఉంది. వార్డులో నాతో పనిచేసే సుభశ్రీకి ఫోన్ చేశాను. గంటలోపే ప్యాడ్ నిండిందా, పెద్ద గడ్డలు పడ్డాయా, జ్వరం ఉందా, కళ్ళు తిరుగుతున్నాయా అని వరసగా అడిగింది. ఏదీ లేదన్నాను. పడుకుని కనిపెట్టుకుని ఉండు, వీటిలో ఏది మొదలైనా ఆలోచించకుండా వచ్చెయ్ అంది. తర్వాత నేను బాలింతల్ని తిట్టే తిట్లన్నీ నా గొంతుతోనే నాకు అప్పజెప్పింది.

నోయెల్ ఆటో పిలిచి గుమ్మంలో నిలబెట్టాడు. అత్తయ్య తిట్టలేదు. దానికి ఇంకా భయం వేసింది. దిండు కింది సీసా తీసి, నిండా నీళ్ళు పోసి నా చేతిలో పెట్టింది.

"తాగు. నాకు తెల్దనుకున్నావా?"

ఏడ్చాను. తాగాను.

డిసెంబర్ 9

రక్తం తగ్గింది. డాక్టరమ్మ పరీక్ష చేసి కంగారు లేదంది. హార్మోనియం సంగతి చెబితే చీటీ మీద 'విశ్రాంతి' అని రాసి కింద రెండు గీతలు గీసింది.

డిసెంబర్ 17

వారంగా నిజంగానే పడుకున్నాను. ఎరుపు పూర్తిగా పోయింది, పసుపు తెలుపుగా వస్తోంది. యూనిస్ రెండో చరణం ఇంకా పైనే వేలాడుతోంది. చెవుల్లో దూది ఎందుకు పెడతారో ఇప్పటికి తెలిసింది.

డిసెంబర్ 23, సాయంత్రం

రేపు బృందం క్రిస్మస్ పాటలు పాడటానికి జీపులో తెరుబలి ఫ్యాక్టరీ క్వార్టర్లకి వెళ్తుంది. ప్రాక్టీసు రెండో చరణం మధ్యలో ఆగిపోయింది. కాసేపటికి తలుపు తోసుకుని అత్తయ్య వచ్చింది. చేతుల్లో హార్మోనియం. వెనకాల యూనిస్, బృందమంతా, తలలు దించుకుని. మంచం పక్కన ముక్కాలిపీట వేసి హార్మోనియం దాని మీద పెట్టింది.

"రేపు తెరుబలిలో పరువు పోద్ది అమ్మీ. మంచం దిగినావంటే కాళ్ళు ఇరగ్గొడతాను. మంచం మీద ఏటి సేస్తావో నాకు తెల్దు."

పాడించాను. పాప నిద్ర లేవలేదు. చీకటి పడేవేళకి రెండో చరణం నేల మీదికి దిగింది. యూనిస్ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఎంత సంతోషమనిపించిందో. నేను మంచం దిగలేదు, రాసి పెట్టుకోండి!

డిసెంబర్ 24

జీపు వెళ్ళింది. నోయెల్ కూడా వాళ్ళతోనే. గేటు దాటుతూ పాడిన రెండో చరణం విన్నాను. బాగుంది. నిజంగా బాగుంది.

అత్తయ్య వెళ్ళలేదు. హార్మోనియం మోసినందుకు నడుం పట్టేసింది. పక్క మంచం మీద బోర్లా పడుకుని ఉంది. చెవుల్లో దూది నేనే పెట్టాను. వద్దంది. వింటానా?

కొత్త తీర్మానం: ఇవాల్టి నుంచి నలభై రోజులు ఇద్దరం మంచం దిగం. ఈసారి మినహాయింపులు లేవు. ఇది ఒకటో రోజు.

అత్తయ్య నీళ్ళడుగుతోంది. పూటకో గ్లాసేనని చెప్పాను. మూలుగుతోంది పాపం. సరే, సీసా నింపి ఇచ్చి వచ్చి పడుకుంటాను.

రేపు ఒకటో రోజు.