ఎండలో ఫోర్‌మన్

ఒరేయ్ సత్తిబాబూ,

ఇవాళ మన ఫోర్‌మన్‌ని ఎండలోకి తోలాను. నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నువ్వు చదవవని తెలుసు, కానీ నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

ఈ అరబ్బు దేశంలో, మన దజీజ్ గోడౌన్లో వాడి కేక గుర్తుందిగా! "సిగరెట్టు కాల్చుకునేవోళ్ళు నీడలోకెల్లండి. మిగతావోళ్ళు యల్లా, పని!" కోనసీమలో చుట్ట వాసనకే ముక్కు మూసుకునే నువ్వు, ఆ కాస్త నీడ కోసం సిగరెట్టు పట్టావు. చివరికి ఊపిరితిత్తులే చెడిపోయాయి.

పోయిన నెల పొగ మానిపించే తెలుగు డాక్టరమ్మ గోడౌన్‌కి వచ్చింది. "మావోళ్ళకి అలవాటండీ, చెప్పినా వినరు," అన్నాడు వాడు. నేను ఊరుకోలేదు.

"అలవాటు కాదండీ. కాల్చనోడికి ఇక్కడ బ్రేకే లేదు. మా సత్తిబాబు కూచోడానికి కాల్చాడండి, కాల్చే సచ్చిపోయేడు."



ఆమె మేనేజరుతో మాట్లాడాక బ్రేకు అందరికీ వచ్చింది, నీడలో సిగరెట్టు బందయింది. ఎన్నడూ ముట్టనివాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ఆ నీడకి కాపలా నాకే అప్పజెప్పారు.

ఇవాళ వాడు సిగరెట్ పెట్టె తీసి బతిమాలాడు. "ఒక్కటేరా, బయట ఎండ మండిపోతంది."

"కాల్చుకునేవోళ్ళు ఎండలోకెల్లండి," అన్నాను. "మిగతావోళ్ళం కూచుంటాం."

నువ్వు కూర్చునే చెక్కపెట్టె మీదే కూర్చుని, గేటు అవతల వాడు దగ్గుతుంటే విన్నాను. జాలి వేయలేదురా. నువ్వు వదిలిపోయిన లైటర్ ఇవాళ్టిదాకా నా జేబులోనే ఉంది. ఇంకొకటి ముట్టించుకోమని దాన్ని వాడి కాళ్ళ దగ్గరికి విసిరాను.

నీ గదిలోవాడు,
సూరి