పంపుహౌసులో గడ్డి కోయొద్దు

ప్రియమైన తమ్ముడూ,

మా పక్షుల ఆసుపత్రిలో ఉన్న ఆడ గుడ్లగూబకి విరిగిన రెక్క అతుక్కుంది. పెట్టెతో సహా పంపిస్తున్నాను. ఆ పెట్టెని మీ పంపుహౌసు దూలానికి కట్టించు. చచ్చిన ఎలకలు కూడా పంపుతాను, రోజూ కాస్త తగ్గిస్తూ పెట్టు. నెలలోగా సొంతంగా వేటాడాలి. లేదంటే వెనక్కి తెచ్చేస్తాం. ఆపైన బతికినంత కాలం దానికి బోనే.

ఆశతో,
అక్క

అక్కా,

నీ అతిథి క్షేమం. నా పరువే పోయింది. ఎలక తోక పట్టుకుని నిచ్చెనెక్కుతుంటే, మా షిఫ్టు వాళ్లు "కొసరి కొసరి వడ్డించు బావా" అంటున్నారు. మూడు వారాలైంది. ఆవరణంతా తిరిగి ఉత్త కాళ్లతో వస్తోంది. వేట మర్చిపోయిందేమో. నా వైపు ఏ లోటూ లేదు. అతిథి వస్తోందని ఆవరణలో గడ్డి మొత్తం నున్నగా కోయించాను కూడా.

తమ్ముడు

ఒరేయ్ తమ్ముడూ,

నీ మర్యాద తగలెయ్య! ఎలకలు తినేది ఆ గడ్డి గింజలే కదరా. నువ్వు కోయించింది దాని భోజనాన్ని. గింజల్లోని శక్తిలో సుమారు పదో వంతే ఎలక ఒంట్లో నిలుస్తుంది. మిగతాదంతా పరుగులకీ ఒంటి వేడికీ పోతుంది. ఎలక నుంచి గుడ్లగూబకి చేరేసరికి మళ్లీ అంతే. అందుకే ఒక్క గుడ్లగూబకి అంత గడ్డి కావాలి. కోత ఆపు. డాక్టరు గారిని బతిమాలి ఇంకో రెండు నెలలు గడువు తెచ్చాను.

కోపంగానే,
అక్క

ప్రియమైన అక్కా,

పదిలో తొమ్మిది వంతులు పోవడమేంటి? మా పాత పైపులైనే నయం.

వానలకి గడ్డి మోకాలి దాకా లేచింది. పై అధికారి వచ్చి "ఏంటయ్యా, అడవి పెంచుతున్నావా?" అన్నారు. "గుడ్లగూబకి క్యాంటీనండీ" అన్నాను. ఆయన నవ్వలేదు. కోయమనీ అనలేదు.

పోయిన వారం నుంచి అది నేను పెట్టిన ఎలకల్ని ముట్టడం లేదు. జబ్బు చేసిందేమోనని హడలిపోయాను. నిన్న సాయంత్రం అది బయటికెళ్లగానే నిచ్చెనెక్కాను. ఎదుటి దూలం మీద ఇంకో గుడ్లగూబ, మగది కాబోలు. నోట్లో ఎలక. నన్నే గుడ్లురిమి చూస్తోంది.

తిట్టకు, పెట్టెలో చేయి పెట్టాను. గుడ్లు! వెచ్చగా ఉన్నాయి. నువ్వు పోయిందన్న ఆ వేడి కొంత ఇక్కడుంది, అక్కా.

ఆ బోను ఇంకెవరికైనా ఇచ్చేయండి.

నిచ్చెన గబగబా దిగిన
నీ తమ్ముడు