కారు దిగని కోడలికి

ఇనాస్, ములూఖియా ఆకుల పులుసు పొయ్యి మీద ఉంది. వెచ్చబెట్టు, మరగనివ్వకు. మరిగితే ఆకంతా అడుక్కి దిగిపోతుంది. నువ్వు వచ్చేదాకా పిల్ల పై అంతస్తు బహీగా దగ్గర ఉంటుంది. నేను దమన్‌హూర్‌లో మా చెల్లి ఇంటికి వెళ్తున్నాను. చెల్లికేం, గుండ్రాయిలా ఉంది. నీ గురించే వెళ్తున్నాను.

రోజూ బ్యాంకు నుంచి వచ్చి, మన గుమ్మం ముందే కారు ఆపి, దిగకుండా కూర్చుంటావు. పైన పిల్లేమో "అమ్మ ఏదీ నాయనమ్మా" అని నా ప్రాణం తీస్తుంటుంది. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నావనుకున్నాను. మొన్న కూరగాయల బుట్ట తాడుతో దించే వంకన బాల్కనీలోంచి వంగి చూశాను. ఫోనూ లేదు, మనిషీ లేదు. స్టీరింగు మీద తల ఆన్చుకుని ఉన్నావు. ఆలస్యమేమే అంటే "ట్రాఫిక్కు అత్తయ్యా" అన్నావు. మన గుమ్మంలో ట్రాఫిక్కేమిటే తల్లీ?

పైకొస్తే నా మొహం చూడాలనేనా? నా కొడుకు ఓడ దిగేదాకా మనకు మనమే కదా దిక్కు! బహీగాను కనిపెట్టి ఉండమన్నాను. నేను లేనప్పుడు గబగబా పైకొచ్చేస్తే నా నోటిదే తప్పు, తగ్గించుకుంటాను. అప్పుడూ కారులోనే ఉన్నావంటే, బహీగా రోజూ బుట్టలో టీ దించుతుంది. తాగే పైకి రా.

నూలు మిల్లు నుంచి వచ్చి నేనూ కింది మెట్టు మీద కూర్చునేదాన్ని. బట్టలకంటిన దూది దులుపుకుంటున్నానని మా అత్తకు చెప్పేదాన్ని. దూది మిల్లు గేటు దగ్గరే దులిపేసేదాన్ని.